బీబీసీ టీవీ లైసెన్స్ రివ్యూ: 2025లో ఏడాదికి 174.50 పౌండ్లు, అందులో ఎవరికెంత

టీవీ లైసెన్స్ అంటే యూకేలో టీవీ చూడ్డానికి ఏటా కట్టే ఫీజు, బీబీసీ ప్రధానంగా ఆ డబ్బుతోనే నడుస్తుంది. ఆ బీబీసీ ప్రోగ్రాములకి 5కి 4.5 ఇస్తాను. ఆ ప్రోగ్రాములు చేసే ఆడవాళ్లకి డబ్బులిచ్చే పద్ధతికి 5కి 2, అది కూడా 2017 తర్వాత కొంచెం దారికొచ్చారు కాబట్టి, లేకపోతే 1 ఇచ్చేదాన్ని. రెండూ కలిపి ఒక నంబర్ చెయ్యమని అడక్కండి, కలిపేస్తే అసలు విషయం మరుగున పడిపోతుంది.

ముందు ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. యూకేలో ఇల్లు తీసుకోగానే వచ్చే మొదటి ఉత్తరాల్లో టీవీ లైసెన్స్ వాళ్లది ఒకటి ఉంటుంది, మన పేరు కూడా ఉండదు, 'లీగల్ ఆక్యుపయర్' అని రాసి పంపిస్తారు, చూడగానే గుండె గుభేల్మంటుంది. కంగారు పడక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో ఫీజు ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. ఏ ఛానల్ అయినా సరే లైవ్‌లో వస్తుండగా చూస్తే లైసెన్స్ కావాలి, టీవీలో అయినా ఫోన్లో అయినా ఒకటే, మన తెలుగు ఛానల్ యాప్‌లో లైవ్ పెట్టుకున్నా లెక్కలోకే వస్తుంది. బీబీసీ ఐప్లేయర్‌లో అయితే పాత ఎపిసోడ్ చూసినా కావాలి. రేడియోకి అక్కర్లేదు, నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా చూసుకోడానికి అక్కర్లేదు. స్టూడెంట్స్ కలిసి ఇల్లు తీసుకుని అందరూ ఒకే అగ్రిమెంట్ మీద సంతకాలు పెడితే మామూలుగా ఇంటికి ఒకటి సరిపోతుంది, గదికో అగ్రిమెంట్ అయితే ఎవరిది వాళ్లే చూసుకోవాలి. లేకుండా చూసి దొరికితే కేసు, 1,000 పౌండ్ల దాకా ఫైన్.

కట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుందా అంటే ప్రోగ్రాముల వరకు జరుగుతుంది. మధ్యలో యాడ్స్ ఉండవు, పిల్లలకి సీబీబీస్ ఉంది, ఎండాకాలం వింబుల్డన్, ఇంక రేడియో 4 గురించి చెప్పాలంటే నాకు పొద్దున వంటగదిలో అది మోగకపోతే పని సాగదు. అందులో పొద్దున వచ్చే వార్తల ప్రోగ్రాం టుడేలో 8:10కి మంత్రినో ప్రతిపక్ష నాయకుడినో కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు వింటుంటే మన దగ్గర కూడా ఇలా ఒక్కరు అడిగితే బాగుండు అనిపిస్తుంది. వాటి గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను డబ్బు సంగతి రాస్తాను.

ఎందుకు రాయాలంటే ఇది మనం ఇష్టపడి కొనుక్కునే సబ్‌స్క్రిప్షన్ లాంటిది కాదు. నచ్చకపోతే నెట్‌ఫ్లిక్స్ ఆపేస్తాం, అయిపోయింది. ఇది కట్టకుండా టీవీ చూస్తే క్రిమినల్ కోర్టు. ఆ కోర్టుకి వెళ్లేవాళ్లలో ఎవరెక్కువో తెలుసా, ఏళ్ల తరబడి చూస్తే నలుగురిలో సుమారు ముగ్గురు ఆడవాళ్లే. ఆడవాళ్లు ఎగ్గొట్టేస్తారని కాదు, లైసెన్స్ ఆఫీసర్ తలుపు కొట్టే టైముకి ఇంట్లో ఉండేది వాళ్లు, తలుపు తీసి మర్యాదగా జవాబు చెప్పేది వాళ్లు, పిల్లల్ని ఒంటరిగా పెంచుకునే ఇళ్లలో ఎక్కువ శాతం తల్లులే, కాబట్టి పేరు వాళ్లదే రాసుకుని వెళ్తారు. అంటే వసూలు దగ్గర ముందు ఆడవాళ్లు దొరుకుతారు, పంపకం దగ్గరికి వచ్చేసరికి వాళ్లు వెనకపడతారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

పంపకం సంగతి అందరికీ తెలిసింది 2017 జులై 19న. బీబీసీ అప్పటిదాకా ఎవరికెంత ఇస్తుందో పేర్లతో చెప్పేది కాదు, చెప్తే వేరే ఛానళ్లు మనవాళ్లని ఎగరేసుకుపోతాయి అనేవాళ్లు. బీబీసీ ఎలా నడవాలో చెప్పే కొత్త రాయల్ చార్టర్ వచ్చే టైములో ప్రభుత్వం ముందు 4,50,000 పౌండ్లు దాటినవాళ్ల పేర్లు చెప్తే చాలు అంది, తర్వాత దాన్ని 1,50,000కి దించింది. అప్పటి డైరెక్టర్ జనరల్ టోనీ హాల్‌కి ఈ లిస్ట్ బయటపెట్టడం ఇష్టం లేదు, కానీ తప్పలేదు. లిస్ట్‌లో 96 మంది, మూడింట రెండొంతులు మగవాళ్లు. పైనుంచి మొదటి ఏడుగురూ మగవాళ్లే. అందరికంటే పైన రేడియో షో చేసే క్రిస్ ఎవాన్స్, 22 లక్షల పౌండ్ల పైమాట, తర్వాత ఫుట్‌బాల్ ప్రోగ్రాం చేసే గ్యారీ లినేకర్ 17.5 లక్షల పైన. ఆడవాళ్లలో టాప్ డాన్స్ షో చేసే క్లాడియా వింకిల్‌మన్, ఆవిడది 4.5 నుంచి 5 లక్షల మధ్య. అంటే ఆడవాళ్లలో నంబర్ వన్‌కి మగవాళ్లలో నంబర్ వన్ డబ్బులో నాలుగో వంతు కూడా రాలేదు.

అయినా స్టార్లది వేరు అనొచ్చు, ఎవాన్స్ షో వేరు డాన్స్ షో వేరు, పోల్చలేం అంటారు, సరే ఒప్పుకుంటా. ఒకే స్టూడియోలో పక్క పక్కన కూర్చునేవాళ్ల సంగతేంటి మరి? టుడే ప్రోగ్రాంలో జాన్ హంఫ్రీస్‌కి 6 నుంచి 6.5 లక్షలు, అందులో ఆయన చేసే క్విజ్ షో డబ్బు కూడా కలిసుంది, అది తీసేసి చూసినా చాలా ఎక్కువే. అదే టుడేలో మిషాల్ హుస్సేన్‌కి 2 నుంచి 2.5 లక్షలు. అదే టుడేలో సారా మాంటెగ్ అసలు లిస్ట్‌లోనే లేదు, ఆవిడకి 1,33,000 అని తర్వాత ఆవిడే చెప్పుకుంది. ఒకే ప్రోగ్రాం, అదే తెల్లారుజామున లేవడం, వాళ్లే మంత్రులు, అవే ప్రశ్నలు. రాత్రి వచ్చే వార్తల ప్రోగ్రాం న్యూస్‌నైట్‌లో ఇవాన్ డేవిస్ లిస్ట్‌లో ఉన్నాడు, ఎమిలీ మైట్లిస్ లేదు.

మనవాళ్లు పంక్తిలో వలపక్షం అంటారు చూడండి, ఒకే వరసలో కూర్చోబెట్టి ఒకరికి నెయ్యి ధారగా పోసి పక్కవాళ్లకి చుక్క వేసి వెళ్లిపోవడం, అచ్చంగా అదే. పెళ్లిలో అయితే పక్క విస్తరి కనపడుతుంది కాబట్టి వడ్డించేవాడిని గట్టిగా అడుగుతాం. వీళ్లకి అది కూడా కనపడలేదు. అడగందే అమ్మైనా పెట్టదు అని ఆడవాళ్లకి సుద్దులు చెప్పేవాళ్లు చాలామందిని చూశాను, మీరు నెగోషియేట్ చెయ్యరమ్మా అందుకే తక్కువొస్తుంది అని. పక్కవాడికెంతో తెలియకుండా ఏమని నెగోషియేట్ చేస్తారు?

అడిగిన మనిషికి ఏమైందో కూడా చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో ఈ మొత్తం కథకి గుండెకాయ ఆవిడే. కేరీ గ్రేసీ, 1987లో బీబీసీలో చేరింది, చైనీస్ మాట్లాడుతుంది, చైనా ఎడిటర్ పోస్ట్ ఇచ్చినప్పుడు మగవాళ్లతో సమానంగా ఇస్తేనే వెళ్తానని ముందే చెప్పి మరీ వెళ్లింది. పిల్లలు లండన్‌లో, ఉద్యోగం బీజింగ్‌లో. అప్పట్లో బీబీసీకి ఇంటర్నేషనల్ ఎడిటర్లు నలుగురు: అమెరికాకి జాన్ సోపెల్, మిడిల్ ఈస్ట్‌కి జెరెమీ బోవెన్, యూరప్‌కి కాట్యా ఆడ్లర్, చైనాకి ఈవిడ. ఇద్దరు మగ ఇద్దరు ఆడ. 2017 లిస్ట్ వచ్చాక చూసుకుంటే సోపెల్ 2 నుంచి 2.5 లక్షలు, బోవెన్ 1.5 నుంచి 2 లక్షలు, ఆడవాళ్లిద్దరి పేర్లూ లేవు. గ్రేసీకి వచ్చేది 1,35,000.

ఇక్కడ చాలామంది అంటారు, 1,35,000 పౌండ్లా, అంత వస్తుంటే ఏడుపెందుకు అని. ఆవిడ కూడా అదే అంది, నాకు ఇప్పుడొచ్చేదే చాలా ఎక్కువ, ఇంకా ఎక్కువ కావాలని అడగట్లేదు, మగవాళ్లకి ఆడవాళ్లకి సమానంగా ఇవ్వండి అంతే అని. 1,80,000కి పెంచుతాం అన్నారు, అది పట్టుకుని సంతోషంగా ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు, అది కూడా సమానం కాదు కాబట్టి వద్దంది. 2018 జనవరిలో ఆ పోస్ట్ వదిలేసి బహిరంగ లేఖ రాసింది, పై అధికారులకి కాదు, బీబీసీ ప్రేక్షకులకి, అంటే లైసెన్స్ కట్టే మనకి. మీ సంస్థలో ఇలా జరుగుతోంది, ఇది చట్ట విరుద్ధం, రహస్యంగా జరుగుతోంది, మీకు తెలియాలి అని. నేను ఇక్కడ ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఆ లేఖ మన పేరు మీద ఉండటమే. ఉత్తరం మనకి వచ్చింది, జవాబు చెప్పాల్సింది మనం కూడా.

ఆ లేఖ బయటికొచ్చిన మర్నాడు పొద్దున టుడే ప్రోగ్రాం చెయ్యాల్సింది ఎవరనుకున్నారు, గ్రేసీనే, పక్కన హంఫ్రీస్. దేశమంతా ఆవిడ గురించే మాట్లాడుతోంది, హెడ్‌లైన్ ఆవిడే, కానీ నిష్పాక్షికత రూల్ ప్రకారం తన వార్త గురించి తను ఎవర్నీ ఇంటర్వ్యూ చెయ్యకూడదు, మైక్ ముందు కూర్చుని మిగతా ప్రోగ్రాం చేసింది. అదే రోజు ప్రోగ్రాం మొదలవకముందు హంఫ్రీస్, వాషింగ్టన్ నుంచి లైన్లో ఉన్న సోపెల్ ఇద్దరూ మైక్ ఆన్‌లో ఉండగా దీని మీద జోకులేసుకున్నారు, గ్రేసీని ఉంచుకోవాలంటే నీ జీతంలోంచి ఎంతిస్తావు అని హంఫ్రీస్ అడుగుతాడు. అది లీక్ అయింది. పాత స్నేహితుల మధ్య సరదా మాటలు అన్నాడాయన. సరదాగా అనగలిగారంటేనే అర్థమవుతోంది కదా, అంత పెద్ద తేడా వాళ్లకి నవ్వులాటగా ఉంది, ఎందుకంటే తేడాలో పై వైపు ఉన్నది వాళ్లు.

తర్వాత కంప్లైంట్ మీద బీబీసీ ఇచ్చిన జవాబు ఇంకా దారుణం. మొదటి కొన్నేళ్లు మీరు ఆ పోస్ట్‌లో ఇంకా 'డెవలప్‌మెంట్'లో ఉన్నారు, అంటే నేర్చుకునే దశలో ఉన్నారు కాబట్టి తక్కువిచ్చాం అన్నారు. పాతికేళ్లకు పైగా అనుభవం, చైనా మీద అంత పట్టు, ఆవిడ నేర్చుకునే దశలో ఉందంట. ఈ మాట తనకి ఎంత అవమానంగా అనిపించిందో పార్లమెంట్ కమిటీ ముందు జనవరి 31న చెప్పింది. ఈ 'నేర్చుకుంటున్నావు' అనే మాట ఉంది చూశారా, ఇది ఒక్క బీబీసీ రోగం కాదు, ఐటీలో ఉన్న ఆడవాళ్లు ఎవర్నైనా అడగండి, అప్రైజల్‌లో ఎన్నోసార్లు విని ఉంటారు, కొత్త రోల్ ఇస్తారు, పని మొత్తం చేయిస్తారు, జీతం దగ్గరికి వచ్చేసరికి ఇంకా రోల్‌లోకి గ్రో అవ్వాలి అంటారు. మగవాడికి ఆ పోస్ట్ ఇచ్చినప్పుడు నమ్మకం అంటారు, ఆడవాళ్లకి ఇస్తే అవకాశం అంటారు.

2018 జూన్ 29న బీబీసీ ఆవిడకి క్షమాపణ చెప్పింది, వెనకటి బకాయిలు 3,61,000 పౌండ్లు కట్టింది. ఆవిడ మొత్తం తీసుకెళ్లి ఆడవాళ్ల సమాన హక్కుల కోసం పనిచేసే ఫాసెట్ సొసైటీకి ఇచ్చేసింది, జీతం తక్కువున్న ఆడవాళ్లు లాయర్‌ని పెట్టుకోలేరు కాబట్టి వాళ్లకి ఉచితంగా సలహా ఇచ్చే ఏర్పాటుకి. డబ్బు కోసం గోల చేసింది అన్నవాళ్లంతా ఆ రోజు నోరు మెదపలేదు.

రెండోది సమీరా అహ్మద్ కేసు. ఇది ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్ అనే ఉద్యోగాల కోర్టు దాకా వెళ్లింది కాబట్టి తీర్పులో లోపలి సంగతులన్నీ ఉన్నాయి. ఆవిడ న్యూస్‌వాచ్ అనే ప్రోగ్రాం చేస్తుంది, పావుగంట, బీబీసీ వార్తల మీద ప్రేక్షకుల కంప్లైంట్లు చదివి ఎడిటర్లని నిలదీస్తుంది. జెరెమీ వైన్ చేసింది పాయింట్స్ ఆఫ్ వ్యూ, అది కూడా పావుగంటే, బీబీసీ ప్రోగ్రాముల మీద ప్రేక్షకుల అభిప్రాయాలు చదవడం. ఎపిసోడ్‌కి ఆవిడకి 440 పౌండ్లు. ఆయనకి 3,000. దాదాపు ఏడు రెట్లు. ఆవిడ అడిగిన తేడా మొత్తం 7 లక్షల పౌండ్లకి దగ్గర్లో ఉంది.

బీబీసీ వాదన ఏంటంటే అది వార్తలు, ఇది ఎంటర్‌టైన్‌మెంట్, వైన్ పేరున్నవాడు, పైగా ఆ ప్రోగ్రాంకి కళ్లలో ఒక చిలిపి మెరుపు ఉండాలి, తేలికగా నవ్విస్తూ చెప్పాలి, అది అందరికీ రాదు అని. ట్రైబ్యునల్ వాళ్లు ఇద్దరి ప్రోగ్రాములు, స్క్రిప్టులు పక్క పక్కన పెట్టి చూశారు. తేల్చింది ఏంటంటే ఆ చిలిపితనం అంతా స్క్రిప్ట్‌లోనే ఉంది, ఎవరో రాశారు, ఆయన ఆటోక్యూ (కెమెరా దగ్గర అక్షరాలు నడిచే తెర) చూసి చదివాడు, కళ్లు తిప్పమని స్క్రిప్ట్‌లో ఉంటే తిప్పాడు, దానికి ప్రత్యేకమైన నైపుణ్యం ఏమీ అక్కర్లేదు అని. ఆ ముక్క చదివినప్పుడు నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను, కళ్లు తిప్పడానికి ఎపిసోడ్‌కి 2,560 పౌండ్లు ఎక్కువ అన్నమాట, అది మన లైసెన్స్ డబ్బు. 2020 జనవరి 10న తీర్పు, ట్రైబ్యునల్‌లో అందరూ ఏకగ్రీవంగా సమీరా వైపు. అంత గెలిచి కూడా ఆవిడ అన్నది ఏంటంటే, తను పనిచేసే సంస్థ మీద కేసు వెయ్యాలని ఏ ఆడదీ కోరుకోదు, నాకు బీబీసీలో పనిచెయ్యడం ఇష్టం అని.

దీనికి చట్టం ఎప్పుడో ఉంది. డాగెన్‌హమ్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీలో సీట్లు కుట్టే ఆడవాళ్లు 1968లో సమ్మె చేస్తే 1970లో ఈక్వల్ పే యాక్ట్ వచ్చింది, 1975 చివర్లో అమల్లోకి వచ్చింది, ఇప్పుడది 2010 ఈక్వాలిటీ యాక్ట్‌లో భాగం. పద్ధతి ఇలా ఉంటుంది: పోల్చడానికి ఒక మగ ఉద్యోగిని చూపించాలి, పని ఒకలాంటిదని గానీ సమాన విలువైనదని గానీ నిరూపించాలి, ఆ తర్వాత తేడాకి కారణం ఆడా మగా కాదు వేరే ఉందని చూపించే బాధ్యత యజమానిది. చిలిపి మెరుపు అలా పుట్టుకొచ్చిన కారణమే. వినడానికి ఈజీగా ఉంది, కానీ మొదటి మెట్టులోనే ఆగిపోతాం, పక్కవాడి జీతం తెలియాలి. 2017 లిస్ట్ ఆ ఒక్క మెట్టు ఎక్కించింది, మిగతావి ఆడవాళ్లే ఎక్కారు. లిస్ట్ వచ్చిన నాలుగు రోజులకే 40 మందికి పైగా బీబీసీ ఆడవాళ్లు డైరెక్టర్ జనరల్‌కి ఉత్తరం రాశారు. సారా మాంటెగ్ చివరికి 4 లక్షల పౌండ్లు, క్షమాపణ తీసుకుంది. 2018 జనవరిలో ఆరుగురు మగ ప్రెజెంటర్లు జీతం తగ్గించుకోడానికి ఒప్పుకున్నారు, హంఫ్రీస్, సోపెల్, వైన్ అందులోనే ఉన్నారు. అప్పటిదాకా అసాధ్యం అన్నది ఆరు నెలల్లో సాధ్యమైంది, మారింది ఒక్కటే, అందరికీ తెలిసింది.

జీతం ఒక్కటే కాదు, ఎవరిని తెర మీద ఎన్నాళ్లు ఉండనిస్తారు అనేది కూడా ఇందులో భాగమే. కంట్రీఫైల్ అని పల్లెటూళ్ల ప్రోగ్రాం, దాన్ని ప్రైమ్ టైమ్‌కి మార్చినప్పుడు నలభైల్లో యాభైల్లో ఉన్న నలుగురు ఆడ ప్రెజెంటర్లని తీసేశారు, అరవై దాటిన జాన్ క్రేవెన్ మాత్రం ఉన్నాడు. ఆ నలుగురిలో ఒకరైన మిరియం ఓరైలీ కేసు వేసి 2011లో వయసు వివక్ష కింద గెలిచింది, ఆడ అనే వివక్ష కింద మాత్రం ఓడిపోయింది. హెచ్‌డీ వస్తోంది, ముడతలు జాగ్రత్త అని ఆవిడకి ముందే చెప్పారంట. ఇంకో సంగతి, చాలామంది ప్రెజెంటర్లని ఉద్యోగిగా కాకుండా సొంత కంపెనీ పెట్టుకుని దాని ద్వారా డబ్బు తీసుకోమనేవాళ్లు. సిక్ లీవ్ లేదు, మెటర్నిటీ లేదు. అలాంటి ప్రెజెంటర్ కిర్స్టీ లాంగ్, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ టైములో కూడా సిక్ పే లేదని 2018లో ఎంపీల ముందు చెప్పింది. పిల్లల్ని కనేది ఆడవాళ్లు కాబట్టి ఈ ఏర్పాటు దెబ్బ ఎవరికి ఎక్కువ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బీబీసీ వైపు చెప్పేది కూడా చెప్తాను, రివ్యూ అన్నాక చెప్పాలి. 2017 అక్టోబర్‌లో మాజీ జడ్జి సర్ పాట్రిక్ ఇలయాస్ రిపోర్ట్ ఇచ్చాడు, బీబీసీలో ఆడా మగా సగటు జీతం తేడా 9.3 శాతం, మైక్, కెమెరా ముందుకి రాని ఉద్యోగుల జీతాల్లో పద్ధతి ప్రకారం వివక్ష జరిగినట్టు లేదని. మైక్, కెమెరా ముందుకి వచ్చేవాళ్ల మీద పీడబ్ల్యూసీ అనే ఆడిట్ కంపెనీ చేసిన రిపోర్ట్ కూడా అలాగే అంది. సమాన హక్కుల చట్టం అమలు చూసే ఈక్వాలిటీ కమిషన్ 2019లో దర్యాప్తు మొదలుపెట్టి 2020 నవంబర్‌లో చూసిన కేసుల్లో చట్ట విరుద్ధమైన వివక్ష కనపడలేదంది, కానీ ఆడ ఉద్యోగుల నమ్మకం దెబ్బతింది, జీతాలు ఎలా నిర్ణయించారో రికార్డులు సరిగా పెట్టాలి అని కూడా అంది. 9.3 అనేది దేశం మొత్తం సగటు కంటే బాగా తక్కువే, అది నిజం. కానీ సగటు తేడా వేరు, ఒకే పనికి వేరే జీతం వేరు. సగటు బాగున్నంత మాత్రాన సమీరాకి ఆ 440 ఎక్కువైపోదు. సగటు చూపించి మనిషిని మాయం చెయ్యకండి అని నా గోల.

పైగా రికార్డులు లేవు అనేది చిన్న విషయం కాదు. ఒక మనిషికి 3,000 ఎందుకు, ఇంకో మనిషికి 440 ఎందుకు అని అడిగితే అప్పట్లో రాసుకున్న కాగితం లేక, ఏళ్ల తర్వాత కోర్టులో కారణాలు వెతుక్కోవాల్సి వచ్చింది. మనకి 174 పౌండ్లకి ఉత్తరం మీద ఉత్తరం పంపించే వ్యవస్థకి ఒక కాంట్రాక్ట్ రేటు ఎందుకంత ఇచ్చాం అని ఒక్క లైను రాసుకోడం కష్టమా.

మారింది కూడా ఉంది, అందుకే 2 ఇచ్చాను. 2018 లిస్ట్‌లో కూడా టాప్ 12 మంది మగవాళ్లే, 2019కి వచ్చేసరికి టాప్ 10లోకి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు, తర్వాతి ఏడాది రేడియో ప్రెజెంటర్ జోయి బాల్‌కి 13 లక్షల పౌండ్లు దాటింది. మంచిదే. అయితే అదే టైములో ఇంకో పని జరిగింది, ఎక్కువమందికి తెలియదు. పెద్ద పెద్ద ఎంటర్‌టైన్‌మెంట్ షోలు తీసే విభాగాన్ని బీబీసీ స్టూడియోస్ అని కమర్షియల్ కంపెనీగా విడదీశారు, దాని ద్వారా ఇచ్చే డబ్బు 2018 నుంచి లిస్ట్‌లోకి రాదు. దాంతో కొన్ని పెద్ద పేర్లు లిస్ట్ నుంచి మాయమైపోయాయి లేదా అంకె సగమే కనపడుతుంది, డాన్స్ షో ఎవరు చేస్తున్నారో దేశమంతా చూస్తుంది గానీ ఎంత తీసుకుంటున్నారో చూడలేదు. ఏ తెర తీస్తే ఇదంతా బయటపడిందో ఆ తెర సగం మళ్లీ వేసేశారు. ఈ రివ్యూలో నేను మార్కులు ఎక్కువ తగ్గించింది దీనికే, 2017కి ముందు జరిగినదానికి కూడా కాదు.

ఇంకా అయిపోలేదు కూడా. న్యూస్ ఛానళ్లు రెండిటినీ కలిపేసినప్పుడు పక్కన పెట్టేశారని నలుగురు ఆడ న్యూస్ ప్రెజెంటర్లు, మార్టీన్ క్రాక్సల్, అనీటా మెక్‌వే, కారిన్ జియనోన్, కాషా మడేరా, కేసు వేశారు, ముందే ఎవరిని తీసుకోవాలో అనుకుని పేరుకి ఇంటర్వ్యూలు పెట్టారని వాళ్ల ఆరోపణ. 2025 మార్చిలో సెటిల్ అయింది, బీబీసీ తప్పు ఒప్పుకోలేదు. విచారణ జరగలేదు కాబట్టి ఎవరిది నిజమో నేను చెప్పలేను. కానీ సెటిల్‌మెంట్ అయిన ప్రతిసారీ సమీరా తీర్పు లాంటి కాగితం ఒకటి మన చేతికి రాకుండా పోతుంది.

మనవాళ్లకి ఇందులో ఏంటి సంబంధం అంటారేమో. 2017 అక్టోబర్ 2న బీబీసీ తెలుగు మొదలైంది, ఆ లిస్ట్ వచ్చిన రెండు నెలల చిల్లరకి. 2024 నుంచి ఇండియన్ భాషల వార్తలు కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే ఇండియన్ కంపెనీ చేస్తోంది, విదేశీ పెట్టుబడి రూల్స్ వల్ల. హైదరాబాద్‌లో అమ్మ ఫోన్లో చదివే తెలుగు వార్తకి, లెస్టర్‌లోనో రెడింగ్‌లోనో కూతురు కట్టే లైసెన్స్‌కి మధ్య ఒక దారి ఉంది. ఆ దారిలో ఉన్న ప్రతి ఆడ జర్నలిస్ట్‌కి సరిగ్గా ఇస్తున్నారా అని అడిగే హక్కు కట్టేవాళ్లకి ఉంది.

ఇది యూకేలో పనిచేసే అక్కచెల్లెళ్లకి ప్రత్యేకంగా. జీతం గురించి ఎవరితో మాట్లాడకూడదు అని మీ కాంట్రాక్ట్‌లో రాసుంటే భయపడిపోకండి. వివక్ష ఉందేమో తెలుసుకోడానికి మాట్లాడుకుంటే ఈక్వాలిటీ యాక్ట్ సెక్షన్ 77 కింద ఆ క్లాజ్ చెల్లదు, అలా మాట్లాడినందుకు మిమ్మల్ని వేధించడం కూడా తప్పే. కేసు మామూలుగా ఉద్యోగంలో ఉండగా గానీ, మానేసిన ఆరు నెలల లోపు గానీ వెయ్యాలి, ఇంగ్లండ్‌లో వెనక్కి ఆరేళ్ల బకాయిల దాకా అడగొచ్చు. వీసా మీద ఉన్నాం కదా అని చట్టం తగ్గిపోదు. ముందు పక్క సీట్లో నమ్మకంగా ఉండే మగ కొలీగ్‌ని అడగండి, నా అనుభవంలో చాలామంది మంచివాళ్లు చెప్తారు, వాళ్లకి కూడా ఆ తేడా తెలియదు పాపం.

చివరికి కొనాలా వద్దా అంటే, టీవీ లైవ్‌లో చూస్తే కట్టక తప్పదు, చూడకపోతే 'నో లైసెన్స్ నీడెడ్' అని వాళ్ల వెబ్‌సైట్‌లో డిక్లేర్ చేసేయండి, ఉత్తరాలు తగ్గుతాయి. నేను కడుతున్నాను, కడతాను, రేడియోకి అక్కర్లేకపోయినా సరే, నేను వినే గొంతులకి ఆ డబ్బు చేరుతుందని. కట్టేవాళ్లు ఇంకో పని చెయ్యండి. ఏటా మామూలుగా జులైలో బీబీసీ యాన్యువల్ రిపోర్ట్ వస్తుంది, ఫ్రీగా దొరుకుతుంది, అందులో ప్రెజెంటర్ల పేర్లు, వాళ్లకిచ్చిన డబ్బు ఉన్న టేబుల్ వెతికి ఒకే ప్రోగ్రాం చేసే ఆడా మగా ఇద్దరి అంకెలు పక్క పక్కన రాసుకోండి. మీరు రోజూ చూసే షో ఆ టేబుల్‌లో లేకపోతే అది ఎందుకు లేదో బీబీసీ కంప్లైంట్స్ పేజీలో రాయండి, స్టూడియోస్ డబ్బు కూడా లిస్ట్‌లో పెట్టమని అడగండి.